వెళ్లిన దారిన వెనక్కి రాని టీచరమ్మ

మెట్టుగూడలో మా పక్కింటి రిటైర్డ్ టీచరమ్మ వెళ్లిన దారిన ఎన్నడూ వెనక్కి వచ్చేది కాదు. పాలకు ఒక సందులో వెళ్తే ఇంకో సందులోంచి వచ్చేది.

ఓసారి మాతో పొద్దున్నే వాకింగ్‌కొచ్చే ఆడవాళ్లందరినీ బాపట్ల వైపు తీసుకెళ్లింది. సముద్రపు కరకట్ట మీదుగా ఉప్పు పర్రను, అంటే అక్కడి చవిటి బీడు నేలను, చుట్టి రావాలి. సగం దూరంలో రొయ్యల చెరువు కాపలాదారు కట్టకు అడ్డంగా ముళ్లకంచె వేసి కూర్చున్నాడు.

"దారి లేదండి, వెనక్కెళ్లిపోండి" అన్నాడు.

"గీ కట్ట సముద్రాన్ని ఆపనీకి కట్టిండ్రు, మనుషులను కాదు" అంటూ టీచరమ్మ చెప్పులు చేతబట్టి మోకాలి లోతు బురదలోకి దిగింది. ఆమె వెనకే మేమూ దిగి కంచె దాటాం.

చుట్టు పూర్తయ్యాక, కాళ్లు కడుక్కోమని నీళ్లివ్వబోయాను. ఆమె అప్పటికే మళ్లీ కట్టెక్కుతోంది.

"ఒక్కపారి నడిస్తె అడుగులే. ఇంకో చుట్టు కొడితె తోవైతది" అంది, వెనక్కి తిరగకుండానే.