తాడు ముందున్నవాడు

హెలికాప్టర్ మమ్మల్ని దించి, రెక్కలు ఆపకుండానే తిరిగి లేచింది. పంతొమ్మిది వేల అడుగుల ఎత్తు. సున్నాకు ముప్ఫై డిగ్రీల కింద చలి. జగ్గయ్యపేట మే నెల ఎండలో నిలబడి ఈ మాట చెబితే మావాళ్ళు నవ్వుతారు. నవ్వండి, నాకేం! నాది వత్సవాయి దగ్గర పల్లె. తెల్లగా కుప్పపోసి ఉన్నదేదైనా అప్పటిదాకా నాకు పత్తే. అక్కడ కనుచూపు మేరా తెలుపే, గుప్పెడు కూడా అమ్ముకోవడానికి పనికిరాదు.

ఆ ఆర్మీ పోస్ట్‌లో ఎవరూ ఒంటరిగా నడవకూడదు. పైన మంచు గట్టిగా కనిపిస్తుంది, కింద తాటిచెట్టంత లోతు చీలిక ఉంటుంది. అందుకని నడుములకు హుక్కులు, అందరి హుక్కులకూ కలిపి ఒకటే తాడు. ముందున్నవాడు కర్రతో పొడిచి చూసుకుంటూ నడుస్తాడు. ఎవడైనా పడితే మిగిలినవాళ్ళు బోర్లా పడి, మంచుగొడ్డలి దిగేసి ఆపాలి. ఆర్డర్ అంతే.

ముందు నడిచేది మా రేడియో ఆపరేటర్. నందిగామ కుర్రాడు. వాళ్ళమ్మ అక్కడి సంఘంలో ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిల్ ఉమెన్. వాడు పాడితే బంకర్లో పంజాబీలు కూడా తాళం వేసేవారు. నన్ను నోరారా అన్నా అనేవాడు. నాకూ వాడంటే ప్రాణం.

ఒక మధ్యాహ్నం కిరోసిన్ తేవడానికి ముగ్గురం బయల్దేరాం. ముందు ఆపరేటర్, మధ్యలో నేను, వెనక మా మెడికల్ అసిస్టెంట్. ఆయన మలయాళీ, పెద్దవాడు, మాతో ప్రార్థన చేయించేది ఆయనే. నా కాళ్ళ కింద మంచు విరిగింది. పడ్డాను. ముందువైపు తాడు బిగుసుకోలేదు. వదులుగా వచ్చి నా భుజం మీద పడింది. వాడు హుక్ తీసేసుకుని పోస్ట్ వైపు పరుగెత్తాడు! వెనకాయన ఒక్కడే నన్ను ఆపాడు. పోస్ట్ నుంచి మనుషులొచ్చి లాగేసరికి నా భుజం వాచిపోయింది.

మా పోస్ట్ పెద్ద సుబేదార్ సాబ్ నన్నే అడిగారు. "వాణ్ని కిందికి పంపెయ్యమంటావా?"

"పంపెయ్యండి సాబ్. వాడి మొహం చూడలేను."

గాలులు మొదలై హెలికాప్టర్లు ఆగిపోయాయి. వాడు మా మధ్యే మిగిలాడు. వాడితో తాడు కట్టుకోవడానికి ఒక్కడూ ఒప్పుకోలేదు. పొయ్యి దగ్గర కూర్చుని మంచు కరిగించి నీళ్ళు చేసేవాడు. పాట మానేశాడు. నేను ఊరుకున్నానా? "సెలవులో నందిగామ వస్తా. మీ అమ్మ ముందే నిన్ను నిలబెట్టి అడుగుతా" అన్నాను. వాడు గిన్నెలో ఇంకో మంచుగడ్డ వేశాడు.

నెల మొదటి ఆదివారం వచ్చింది. పాస్టర్ గారు లేకుండా మా ఊళ్ళో అయితే రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఇవ్వరు. అంత ఎత్తుకి పాస్టర్ గారు ఎక్కడినుంచి వస్తారు? మలయాళీ ఆయనే గ్లూకోజ్ బిస్కెట్లు విరిచి, డబ్బా పళ్ళరసం వెచ్చబెట్టాడు. మా సంఘాల్లో తప్పు చేసినవాణ్ని బల్లకు దూరంగా ఉంచుతారు. పెద్దలు మళ్ళీ పిలిచేదాకా వాడు వెనక వరసలో కూర్చుని, పళ్ళేన్ని ముట్టుకోకుండా పక్కవాళ్ళకి అందిస్తాడు. ఆపరేటర్ తనకు తానే ఆ శిక్ష వేసుకున్నాడు. పొయ్యి వైపు తిరిగి, "నాకొద్దండి" అన్నాడు.

బిస్కెట్ ముక్క నా చేతిలో ఉంది. నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. నేను తింటే, వాడు చూస్తూ కూర్చుంటే, అది బల్ల ఎలా అవుతుంది? కోపమొచ్చింది. ఈసారి నా మీదే వచ్చింది.

"ఒరేయ్, ఇటు రా."

"నేనే హుక్ తీసేశా అన్నా. భయమేసింది. తీసేశా." వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నాకు తెలీదూ? వేలాడింది నేనేగా! క్షమించేశాను, పో. ఇంక ఆ మాటెత్తకు." నా ముక్కలో సగం విరిచి వాడి చేతిలో పెట్టాను. వాడు తిన్నాడు. అప్పుడు నేను తిన్నాను.

క్షమించడం వరకు సరే. వాడి వెనక నడవడం మాటేమిటి? ఆ పరీక్ష గురువారం వచ్చింది. మలయాళీ ఆయన ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. గాలి తెరిపిచ్చింది కానీ, హెలికాప్టర్ కింది క్యాంపు దాకే వస్తుందట. సాయంత్రంలోగా దించకపోతే మనిషి దక్కడు.

"ముందు ఎవరు?" అన్నారు సాబ్.

"ఆపరేటర్" అన్నాను.

"మతి పోయిందా నీకు?"

"దారి వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు సాబ్. వాడి వెనక నేను కట్టుకుంటాను."

వాడి హుక్ నేనే బిగించాను. నాకు భయం లేకపోలేదు, దాచుకోవడమెందుకు?

నా వెనక, మంచు మీద లాక్కెళ్ళే స్లెడ్జి బండి మీద రోగి, చివర సాబ్. సగం దారిలో మళ్ళీ నా కాళ్ళ కిందే విరిగింది. ఆ మంచుకి నా మీద ఏం ప్రేమో! పడ్డాను. స్లెడ్జి కూడా అంచు మీదికి జారింది. తాడు ఒక్కసారిగా బిగుసుకుంది, నడుము తెగినంత పనైంది. ఆగిపోయాను.

పోస్ట్ నుంచి రేడియోలో అరుపు. "పార్టీ, ఏమైంది? ఓవర్."

సాబ్ గొంతు పైనుంచి నాకు వినిపించింది. "తాడు మీద అందరం ఉన్నాం. ముందున్నవాడు ఆపాడు. ఓవర్."

హెలికాప్టర్ అందింది. మలయాళీ ఆయన బతికాడు. మిగతా చలికాలమంతా తాడు ముందు ఆపరేటరే నడిచాడు.

సెలవులో నందిగామ వెళ్ళాను. వాళ్ళ సంఘంలో వాడు సాక్ష్యం చెప్పాడు. ఏదీ దాచలేదు. వాళ్ళమ్మ లేచి నిలబడింది.

"నిజమేనా బాబూ? మావాడు నిన్ను వదిలేసి పారిపోయాడా?"

"నిజమేనమ్మా. రెండోసారి ఆపిందీ వాడే."

ఆమె కొడుకు మొహంలోకి చూసి, తర్వాత పాస్టర్ గారి వైపు తిరిగింది. "మరి వీడు బల్ల తీసుకోవచ్చాండి?"

ఆయన సమాధానం చెప్పేలోపే నేనందుకున్నాను. "పైనే తీసుకున్నాడమ్మా. నాతో కలిసి." గుడిలో ఎప్పుడూ నోరెత్తని నేను హల్లెలూయా అని అరిచాను. గుడి గుడంతా లేచింది.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. కళ్ళు మూసుకుంటే ఒకటే కనిపిస్తుంది. రెండోసారి పడ్డప్పుడు సాబ్ నన్ను చీలికలోంచి లాగారు, మోకాళ్ళ మీద అంచు దాటాను. ఎదురుగా వాడు, గొడ్డలి మీద బోర్లా పడి, ముక్కులోంచి రక్తం కారి గడ్డం మీద గడ్డకట్టి. నేను పైకి వచ్చేశానని వాడికింకా తెలీదు. కళ్ళు గట్టిగా మూసుకుని, లోపలున్న నాకు వినపడాలని మంచులోకే అరుస్తున్నాడు.

"ఉన్నా అన్నా! ఉన్నా! వదల్లా!"