ఠాణాలో ఇవ్వని కవరు

ఇది నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ కవరు నేను పోలీస్ స్టేషన్‌లో ఇవ్వలేదు. ఇచ్చానని నాన్నతో అబద్ధం చెప్పాను.

2011లో, చిక్కడపల్లిలోని మా ఇంటి మేడ మీది పోర్షన్‌లోకి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒకామె కిరాయికి దిగింది. నారాయణగూడలో ఒక పెద్ద బ్యూటీ పార్లర్‌లో జుట్టు కత్తిరించే పని ఆమెది. ముప్పై దాటి ఉంటాయి. ఏడేళ్ల కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. మొదట్లో పార్లర్ వాళ్లిచ్చిన గదిలో మరో నలుగురితో ఉండి, తలుపు వేసుకుంటే తనదే అనిపించే చోటు కావాలని వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది.

పరాయి దేశం వాళ్లను ఇంట్లో పెట్టుకుంటే ఆ సంగతి వెంటనే పోలీసులకు రాసివ్వాలి. నాన్న గుమాస్తా. కాగితం పని ఆలస్యమైతే ఆయనకు అన్నం సహించదు. ఆమె దిగిన రోజే ఫారం నింపి, పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు జతచేసి కవర్లో పెట్టాడు. మరునాడు ఆఫీసులో ఆడిట్ ఉందని కవరు నా చేతికిచ్చాడు.

"నువ్వు పొయ్యి ఇచ్చి రా బిడ్డా. ఒక నకలు మీద ముద్ర ఏయించుకొని రా, మర్చిపోకు."

అమ్మ నవ్వింది. "కిరాణ దుకాణంల ఉప్పు అడగనీకెనే దానికి నోరు రాదు. దాన్ని ఠాణకు తోలుతున్నవా!"

"గందుకే తోలుతున్న. ఎన్ని దినాలు పుస్తకంల మొకం పెట్టుకొని కూసుంటది?"

స్టేషన్ గేటు దాకా వెళ్లాను. లోపల ఎవరినో గద్దిస్తున్న గొంతు వినిపించింది. గేటు దగ్గర చాయ్ తాగుతున్న కానిస్టేబుల్ నన్ను చూసి, "ఏం గావాలమ్మా? కంప్లెంటా?" అన్నాడు. మామూలుగానే అడిగాడు. నా అరచేతుల చెమటకు కవరు మెత్తబడింది. "ఏం లేదు సార్" అని వచ్చేశాను.

అక్కణ్నుంచి లైబ్రరీకి వెళ్లాను. గ్రూప్స్‌కు చదువుకునే వాళ్ల మధ్య ఒక కుర్చీ దొరికితే సాయంత్రం దాకా కూర్చున్నాను. ఒక్క పేజీ తిప్పలేదు. ఇంటికొచ్చి ఆ కవరును బీరువా అరలో పరిచిన పేపరు కింద పెట్టాను. ఆ రోజు డైరీలో 'లైబ్రరీకి వెళ్లాను' అని మాత్రమే రాసుకున్నాను. డైరీకి కూడా చెప్పుకోలేకపోయాను.

రాత్రి నాన్న అడిగాడు. "ముద్ర ఏసిన్రా?"

"రెండ్రోజుల్ల ఇస్తమన్నరు నాయినా."

మరునాడు వెళ్దామనుకున్నాను. మరునాటికి, నిన్న ఎందుకు రాలేదని అడుగుతారేమో అనే భయం కొత్తగా వచ్చింది. వారం గడిచేసరికి ఆ గేటున్న రోడ్డు మీదికే వెళ్లడం మానేశాను. ఆడిట్ గొడవలో నాన్న ముద్ర సంగతి మర్చిపోయాడు.

ఆమె మాత్రం ఊరికి అలవాటు పడసాగింది. మా ఇంటి నుంచి పనికి బయల్దేరిన మొదటి రోజు నారాయణగూడ చౌరస్తాలో రోడ్డు దాటలేక చాలాసేపు నిలబడిపోయింది. నేనే చెయ్యి పట్టుకుని దాటించాను. ఆమె కంటే నాకు బాగా వచ్చిన పని అదొక్కటే. అమ్మ ఆమెకు బేరమాడే తెలుగు నేర్పింది. చిక్కడపల్లి మార్కెట్లో ఆమె టమాటాలు చేత్తో పట్టుకుని "అన్నా, జర తక్కువ చెయ్యి" అంటే కూరగాయలాయన పక్కబండి వాడిని కేకేసి పిలిచాడు. "అరే, ఇన్నవా? మా అక్కకు తెలుగొచ్చిందిరో! నీకే ఇంక రాలే!"

ఆమె మూడు పూటలా అన్నమే తింటుందని తెలిసి అమ్మ సంబరపడింది. ఆమె ఎండుచేపలు వేయించిన రోజు మాత్రం అమ్మ కింది నుంచి అరిచింది. "ఓ పిల్లా! కిటికీలు ఏసుకొని వేంచుకో. గల్లీ మొత్తం మన ఇంటికే భోజనానికొస్తరు!"

ఆమె నన్ను చెల్లీ అని పిలిచేది. బంద్ రోజుల్లో షట్టర్లు దబదబా పడుతుంటే కిందికి దిగొచ్చి నా పక్కన కూర్చునేది. నేనుంటే తనకు ధైర్యంగా ఉంటుందని ఇంగ్లీషులో అన్నది. ఆ మాట విని తల దించుకున్నాను.

ఆమె కొంటున్న ఒక్కో వస్తువునూ నేను లెక్కపెట్టుకునేదాన్ని. మొదట బకెట్టు, తర్వాత ప్లాస్టిక్ కుర్చీ, తర్వాత మంచం. పసుపు పచ్చ కర్టెన్లు కుట్టించినప్పుడు వాటిని తగిలించడానికి నేనే స్టూలు పట్టుకున్నాను. వచ్చే ఏడాది సెలవులకు కూతుర్ని తెచ్చుకుంటానని చెప్పింది. గల్లీలో ఖాకీ బట్టలు కనిపిస్తే నేను కిటికీ దగ్గర నుంచి తప్పుకునేదాన్ని. ఒకసారి ఆ వచ్చినవాడు ఆటో డ్రైవర్ అని తెలిశాక కూడా మళ్లీ కిటికీ దగ్గరికి రాలేదు.

ఏడాది వీసా గడువు ముగిసే ముందు పొడిగింపు కోసం ఆమె విదేశీయుల పేర్లు నమోదు చేసే ఆఫీసుకు వెళ్లింది. మధ్యాహ్నానికే తిరిగొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మా మెట్ల మీద కూర్చుంది. కాగితాల్లో ఇంకా పార్లర్ వాళ్ల గది అడ్రసే ఉందట. మా ఇంటి నుంచి ఏ కాగితమూ అందలేదట. ఇన్నాళ్లూ ఎక్కడున్నావని అడిగారట. వారంలో సంజాయిషీ ఇవ్వకపోతే దేశం విడిచి వెళ్లాల్సిందేనట.

నాన్న మండిపడ్డాడు. "ఎందుకియ్యలే? మా బిడ్డ సొంతంగ పొయ్యి ఇచ్చొచ్చింది! ఆళ్లే ఎక్కడ్నో పారేసిన్రు. సూసినవా, ముద్ర గూడ ఇయ్యలే!" తర్వాత నా వైపు తిరిగాడు. "ఎవరి చేతికిచ్చినవ్? మొకం యాదికున్నదా?"

"లేదు."

"సన్నగున్నడా, లావుగున్నడా?"

"లావుగ."

లేని మనిషికి ఒళ్లు కూడా ఇచ్చాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నాన్న అప్పటికే నా మాట నమ్మి చొక్కా వేసుకుంటున్నాడు.

నాన్న స్టేషన్‌కు బయల్దేరుతుంటే ఆమే ఆపింది. కొట్లాటలో వారం గడిచిపోతుందని ఆమె భయం. పాస్‌పోర్టు నకళ్లు తానే ఇంటివాళ్లకు ఆలస్యంగా ఇచ్చానని క్షమాపణ రాసిస్తే పని తొందరగా అవుతుందని పార్లర్‌లో ఎవరో చెప్పారట. నా ఇంగ్లీషు బాగుంటుంది కదా, నన్నే రాసిపెట్టమంది.

రాశాను. ఆమె పక్కన కూర్చుని నా చేతి వైపే చూస్తోంది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. 'నా నిర్లక్ష్యం వల్ల' అని రాసిన చోట వేలు పెట్టి, ఇంత పెద్ద మాట అవసరమా అని అడిగింది. ఆఫీసర్లకు అలా రాస్తేనే నచ్చుతుందని చెప్పాను. నాకు తెలిసిన అక్షరాలన్నీ ఆమె మీద నేరం మోపడానికి వరసగా, పొందికగా వచ్చాయి. కింద ఆమె సంతకం పెట్టింది.

ఆ ఉత్తరంతో మూడు నెలలే పొడిగించారు. అంత తక్కువ గడువున్న మనిషిని పెట్టుకోలేమన్నారు పార్లర్ వాళ్లు. నెల తిరక్కుండానే ఆమె ప్రయాణమైంది.

ఆ పొద్దున గేటు ముందు టాక్సీ ఆగి ఉంటే, నాన్న పెట్టె మోసుకొస్తూ ఇంకా కోపంగానే ఉన్నాడు. "నేను ఇడిసిపెట్ట. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడ్త. మా కవరు ఏ తారీఖున ఎవరు తీస్కున్నరో ఆళ్లే చెప్పాలె."

గేటు పట్టుకుని నిలబడ్డాను. అమ్మ ఆమెను కౌగిలించుకుని ఏడ్చింది. ఆమె టాక్సీలో కూర్చున్నాక అద్దం దించి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. నా చెయ్యి పట్టుకుని, అమ్మ నేర్పిన తెలుగులో ఒక్కో మాటా వెతుక్కుంటూ అన్నది.

"చెల్లీ, నాయినకు చెప్పు. కొట్లాట వద్దు. తప్పు నాది."