ఎర్రచుక్క పిన్ను

వీధంతా ఆమెను పిన్నులక్క అంటుంది. ట్రాక్టరు విడిభాగాల దుకాణం పెట్టి ఇరవై రెండేళ్ళయింది. బేరింగులూ బెల్టులూ కూడా అమ్ముతుంది కానీ పట్టింపంతా వేలెడంత రింగు పిన్నుల మీదే. ట్రాక్టరుకు ట్రాలీని తగిలించే లావుపాటి కడ్డీ కుదుపులకు పైకి లేవకుండా, దాని అడుగు కన్నంలో గుచ్చి రింగు మూసే పిన్ను అది. అది ఊడితే కడ్డీ లేస్తుంది. కడ్డీ లేస్తే ట్రాలీ తన దారి తాను చూసుకుంటుంది.

కొత్త సరుకు రాగానే అందులోంచి ఒక పిన్ను తీసి, దుకాణం తాళంచెవులు పదిహేనూ దానికి గుచ్చి, వారం రోజులు నడుముకు వేలాడేసుకుని తిరుగుతుంది. ఊడకపోతే దానిమీద గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టి, మిగతావి అమ్మకానికి తీస్తుంది. ఈ పరీక్ష మొగుడికీ ఇష్టమే. తాళాల చప్పుడు వీధి మలుపులో ఉండగానే పేకముక్కలు దాచేసుకోవచ్చు.

ఆరోజు ఒక సేల్స్‌మన్ తళతళలాడే పిన్నులు తెచ్చాడు. ట్రాక్టరు నడిపే మరిది అక్కడే ఉన్నాడు. మర్నాటి నుంచి కూలీలను ఎక్కించుకుని క్వారీ వాలు దిగాలి, పిన్నులు కావాలి.

“ఇవే ఇవ్వు వదినా. బొటనవేలు తగిలితే చాలు, తెరుచుకుంటోంది. నీ నల్లవాటితో గోళ్ళు లేచిపోతున్నాయి.”

“నీ వేలికి తెరుచుకున్నది గుంతకు తెరుచుకోదా?”

“గ్యారంటీ నాదక్కా,” అన్నాడు సేల్స్‌మన్.

“అయితే నీ శాంపిల్ పెట్టెను నీ మోటారుబండికి గొలుసుతో కట్టి, దానికి నీ పిన్నే వేసి, వీధి చివరిదాకా వెళ్ళిరా తమ్ముడూ. పెట్టె నీతో తిరిగొస్తే రెండొందల పిన్నులు తీసుకుంటాను.”

వీధిలో ఏడు స్పీడ్ బ్రేకర్లు. పాత ఎర్రచుక్క పిన్నుకే ఉన్న తాళాలగుత్తిని బల్లమీద పెట్టి ఆమె గొలుసు కోసం లోపలికి వెళ్ళింది. మరిది ఫోన్ చూసుకుంటున్నాడు. గొలుసు రాగానే సేల్స్‌మన్ వీళ్ళకు వీపు చూపించి పెట్టె కట్టుకుని బయల్దేరాడు.

బీరువా తీద్దామని ఆమె గుత్తి ఎత్తింది. తాళంచెవులు పదిహేనూ గలగలమంటూ నేలమీద పడ్డాయి. చేతిలో తళతళలాడే పిన్ను ఒక్కటే మిగిలింది. ఒక్క క్షణం దాన్ని చూసి, నవ్వు మింగి, కుర్చీలో కూర్చుంది. మరిది బల్లకింద దూరి తాళంచెవులు ఏరుతున్నాడు.

సేల్స్‌మన్ పెట్టెతో సహా దర్జాగా దిగాడు. “చూశారా అక్కా?”

ఆమె బండి దగ్గరికి వెళ్ళి గొలుసు చూసింది.

“మీ కంపెనీవాళ్ళు ఎర్రచుక్క ఎప్పట్నుంచి పెడుతున్నారు తమ్ముడూ?”

అతను హెల్మెట్ బెల్టు సవరించుకున్నాడు. “పెట్టెలో మా ఆవిడ కొత్త ఫ్లాస్కు ఉందక్కా,” అన్నాడు.

“ఆ పిన్ను ఉంచుకో. నీకు నమ్మకమున్నది అదొక్కటేగా.”

మరిది బల్లకింది నుంచి లేచి, రెండు నల్ల పిన్నులు తీసుకున్నాడు. గుమ్మందాకా వెళ్ళి వెనక్కొచ్చాడు.

“ఇది తెరవడానికి స్క్రూడ్రైవర్ ఏదైనా ఉందా వదినా?”