కొడల దారిలో వెనక టైరు

గంజాం మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సాలో కలిసిన కొన్నేళ్ళకి, యుద్ధం రోజుల్లో, మా అన్నయ్య కలరాతో పోయాడు. తెల్లవారుతూనే వాంతులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి అయిపోయింది. అలాంటి శవాన్ని ఇంట్లో ఉంచరు. సాయంత్రానికల్లా బరంపురం శ్మశానంలో పని ముగించుకుని వచ్చేశాం. వదిన కొడలలో, పుట్టింట్లో ఉంది. ఏడో నెల.

తంతి ఇద్దామన్నారు ఎవరో. నాన్న ఒప్పుకోలేదు.

"తంతి కొట్టి సెప్పే మాటేటిరా ఇది? నువ్వెల్లి సెప్పు" అన్నాడు నాతో. కర్మ చేస్తున్నది ఆయనే కాబట్టి ఆయన కదలకూడదు.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య సైకిలు తీసుకుని బయలుదేరాను. మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క సైకిలే. ఉప్పు బేరం కోసం అన్నయ్య వారానికి రెండుసార్లు దాని మీదే హుమ్మ వెళ్ళి వచ్చేవాడు. వెనక టైరు అరిగి నున్నగా అయిపోయి, ఒకచోట లోపలి నూలు కనిపిస్తోంది. యుద్ధం వల్ల కొత్త టైర్లు రావడం లేదు. ముందు టైరు ఇంకా బాగానే ఉంది కనక, దాన్ని వెనక్కి మార్చి మరో ఆరు నెలలు లాగుదామని అన్నయ్య అంటూండేవాడు. తీరిక దొరకలేదు.

దారిలో ఏమనుకున్నానో చెప్పమంటే చెప్పలేను. ఏమీ అనుకోలేదు. ఛత్రపురం దాటింది తెలుసు, ఏరు దాటింది తెలుసు. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు.

హుమ్మ దగ్గర ఉప్పు మళ్ళ పక్కన తొక్కుకుంటూ పోతుండగా వెనక చక్రం టప్పుమంది. నూలు తెగి, ట్యూబు బుడగలా పైకి పొంగి పేలింది. దిగి సైకిలు తలకిందులుగా పెట్టాను. సీటు కింద సంచిలో స్పానరు, ప్యాచీలు, సొల్యూషను, రెండు పాత గరిటె కాడలు అన్నయ్య సర్ది పెట్టినట్టే ఉన్నాయి. రెండు చక్రాలూ ఊడదీశాను. గరిటె కాడలతో టైర్లు విప్పాను. ట్యూబుకి ప్యాచీ వేసి, మంచి టైరు వెనక చక్రానికి ఎక్కించాను. తెగినదాని లోపల నా కండువా చింపి నాలుగు మడతలు పెట్టి, దాన్ని ముందుకి వేశాను. బరువు వెనక చక్రం మీదే పడుతుంది, ముందుది ఎలాగో నడుస్తుంది.

అరగంట పని. నేను రెండు గంటలు చేశాను. రిమ్ములు తుడిచాను. అక్కర్లేకపోయినా చైనులో ఇసక దులిపాను. చెయ్యడానికి ఒక పని దొరికినందుకు నాకు హాయిగా ఉంది. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గు.

ఉప్పు మళ్ళలోంచి ఒక ముసలాయన వచ్చి నేను పంపు కొడుతుంటే చక్రం పట్టుకున్నాడు. ఎక్కడికని ఒడియాలో అడిగాడు. కొడలకి, వదినని చూడ్డానికి అన్నాను. మంచిది, పుట్టింటికి వెళ్ళిన ఆడకూతురిని చూసి రావాలి అన్నాడు. పుట్టింటికి వెళ్ళిందని నేను చెప్పకుండానే ఎలా తెలిసిందో అనుకున్నాను. అంతకుమించి ఆ మాట గురించి ఆలోచించలేదు.

కొడల చేరేసరికి పొద్దు వాలింది. వదిన వీధి అరుగు మీద కూచుని ఉంది. నన్ను చూసి నవ్వుతూ లేచింది.

"ఏటి బాబూ, సెప్పాపెట్టకుండా వొచ్చీసినావు? ఆ సేతులేటి, అలా నల్లగున్నాయి?"

"టైరు పోయినాది వదినా. ముందుది ఎనక్కి మార్సినాను."

"మీ అన్నయ్య సేసుకోవలసిన పని నీ నెత్తినేసినారా? ఉండు, నీళ్ళు తెస్తాను."

నేను టైరు గురించి ఇంకా చెబుతూనే ఉన్నాను. ఎక్కడ తెగింది, కండువా ఎన్ని మడతలు పెట్టాను, అన్నీ. ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి, పోస్తానని దగ్గరికి రాబోయింది. నేను చటుక్కున వెనక్కి తగ్గాను. "ముట్టుకోకు వదినా" అన్నాను. మైల నాకెంతో ఆవిడకీ అంతే. ఆ సమయానికి అది తోచలేదు.

ఆవిడ చెంబు కింద పెట్టింది. నా మొహంలోకి చూసింది.

"ఎప్పుడు?" అంది.

"నిన్న మజ్జాన్నం."

"నిన్న మజ్జాన్నం నేను నిద్దరోయినాను" అంది వదిన. చాలాసేపు అదే మాట అంటూ నిలబడింది. లోపలినుంచి వాళ్ళ నాన్న వచ్చాక గాని కూచోలేదు. తర్వాత ఏడుపులు, జనం. నేను గోడ పక్కన నిలబడి చేతులకంటిన మసి గోళ్ళతో గీసుకున్నాను.

మర్నాడు బండి కట్టించి వాళ్ళ నాన్న ఆవిడని బరంపురం తీసుకువచ్చాడు. నేను వెనకాల సైకిలు మీద వచ్చాను. ముందు చక్రం తిరిగినప్పుడల్లా కండువా మడత దగ్గర ఎగిరింది. రెండు నెలలకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగానే ఉన్నారు. ఆ పిల్లని నేనే పెంచానని ఊళ్ళో అంటారు గాని, పెంచింది వదినే.

పిల్లకి అన్నప్రాశన అయిన నెలలో ఒక షాపులో టైర్లు వచ్చాయని తెలిసి వెళ్ళాను. షాపతను అన్నయ్య సైకిలుని గుర్తుపట్టాడు. రెండు టైర్లూ తనే మార్చి, చక్రాలు తిప్పి చూపించి, "మీ అన్నయ్య కనపడ్డం లేదు, బాగున్నారా?" అన్నాడు.

"బాగున్నాడు" అన్నాను.

మళ్ళీ ఆ షాపుకి వెళ్ళలేదు.