అబద్ధానికి ఎర్రబడిన డబ్బా

ముందే ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. పిల్లల మీదా అన్నం మీదా వేసి వేసి మా ఇంట్లో నా ఒట్లకు విలువ పోయింది కాబట్టి, ఈసారి నా కుడి మోకాలి మీద ఒట్టు. (మోకాలే ఎందుకంటే, ఈ కథలో అసలు ముద్దాయి అదే.)

ఆ రోజుల్లో కంప్యూటరంటే అందరికీ భక్తి. నాకు మాత్రం భయం, ఎప్పుడు ఆరిపోతుందోనని. కల్లూరు నుంచి రోజూ బస్సెక్కి డిగ్రీ అనే పేరుతో మూడేళ్లు క్రికెట్టు ఆడి, ఆర్నెల్లు టైపు నేర్చుకుని, భద్రాచలం పోయే దారిలో అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ఊరి కంప్యూటరు సెంటర్లో ఆపరేటరుగా కుదిరాను. అర్జీలూ పింఛను కాగితాలూ టైపు చేసి, ప్రింటు తీసి ఇవ్వడం పని. సెంటరు ఓనరును ఊరంతా మామ అనేది, నేనూ అదే అనేవాణ్ణి. పైన రేకులు, బయట మే నెల. పన్నెండు దాటిందంటే కంప్యూటరు డబ్బా పొయ్యిలా కాగి, ఎవరి అర్జీ సగంలో ఉంటే వాళ్ల ఖర్మ అన్నట్టు టప్పున ఆరిపోయేది. "ఏంది పిలగా, దినాం నాలుగుసార్లు సంపుతవ్, నాలుగుసార్లు లేపుతవ్! ఇది కంప్యూటరా, దయ్యమా?" అని మామ నెత్తి కొట్టుకునేవాడు.

ఖమ్మంలో రేడియోలు బాగుచేసే మా చిన్నాయన దగ్గర ఏడ్చాను. ఆయన వారం రోజులు కూర్చుని అరచేతిలో పట్టేంత సర్క్యూట్ ముక్క ఒకటి తయారుచేసి ఇచ్చాడు. దానికి తీగ చివర మూడు కాళ్లున్న నల్లటి గింజ, మినపగింజకన్నా కొంచెం పెద్దది. అదే సెన్సరు. దాన్ని డబ్బా లోపల బాగా కాగే చోట అతికించాలి. చల్లగా ఉన్నంతసేపూ ఫ్యాను మెల్లగా తిరుగుతుంది, డబ్బా ముందు దీపం నీలంగా వెలుగుతుంది. వేడెక్కితే దీపం పసుపు, ఫ్యాను జోరు. మరీ కాగితే దీపం ఎరుపు, ఫ్యాను రయ్యిమని అరుపు.

బిగించి స్విచ్చి వేసిన క్షణం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. చీకటి గదిలో నీలి వెలుగు గోడ మీదికి పాకింది. ఎండ ముదిరేకొద్దీ అది పసుపైంది, ఫ్యాను తనంతట తాను వేగం పెంచుకుంది. నేను ఏదీ నొక్కలేదు, ఎవరూ దానికి చెప్పలేదు. మినపగింజంత వస్తువు తన చుట్టూ ఏం జరుగుతోందో తెలుసుకుని, తన ప్రాణం తాను కాపాడుకుంటోంది. నేను నోరు తెరిచి అలాగే నిలబడిపోయాను. మామ అయితే చెప్పులు విడిచాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. మూడో రోజు పింఛను కాగితం రాయించుకోవడానికి ఒకాయన వచ్చాడు. ఊళ్లో అందరూ నల్లజుట్టు తాత అంటారు. పేరులో తాత ఉందే గానీ జుట్టులో ఒక్క తెల్ల వెంట్రుక లేదు.

"వయసెంత తాతా?"

"అరవై అయిదు. రాసెయ్ సారూ."

నేను సర్దుకుని కూర్చోవడంలో నా కుడి మోకాలు డబ్బా పక్కనున్న గాలి జల్లెడకు ఆనింది. గాలి ఆగింది. ఆ రేకుల గదిలో గాలి ఆగాక ఎంతసేపు? దీపం పసుపై, ఎరుపై, ఫ్యాను కీచుమంది.

"గదేంది! గట్ల ఎర్రగైంది?"

నా నోరు నా మాట ఎప్పుడు విన్నది కనుక! "కొత్త మిషను తాతా. అబద్ధం చెబితే ఎర్రబడతది."

తాత దీపం వంక చూశాడు, నా వంక చూశాడు. "అరవై రాయి." మోకాలు కదల్లేదు. "యాభై ఎనిమిది!" మోకాలు కదల్లేదు. "నీ కాల్మొక్త, దాన్ని ఊకోమను! యాభై ఒకటే, మా అమ్మ తోడు!" మోకాలు తీశాను. కాసేపటికి దీపం చల్లగా నీలమైంది. తాత దానికి దండం పెట్టి, కాగితం లేకుండానే వెళ్లిపోయాడు.

తెల్లారేసరికి వార్త నాలుగు గూడేలకు పాకింది. జనం స్నానాలు చేసి రావడం మొదలుపెట్టారు. చెప్పులు బయట వరుసకట్టేవి. ఒకామె తన కోడిపుంజును ఎత్తుకుపోయిందెవరో తేల్చమని పక్కింటాయన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. (తేల్చాను. పుంజు సాయంత్రానికి ఇల్లు చేరింది. మోకాలి మహిమ.) ఇరవై మూడేళ్ల వయసులో ఒక ఊరు ఊరంతా నా ముందు నిజమే మాట్లాడుతుంటే, ఆ మత్తు ఎలాంటిదో మీకెలా చెప్పను!

ఆ మత్తులో ఉండగానే అవ్వ వచ్చింది. అడవి అంచు గూడెం నుంచి ఎండలో నడిచి, నెత్తిన ఇప్పపువ్వు మూటతో. అందరూ ఇప్పపువ్వు అవ్వ అనేవాళ్లు. అబద్ధమాడటం రాని మనిషని పేరు. సంతలో ఆమె తూకాన్ని ఎవరూ మళ్లీ తూచరు. మూటను గుడిలో నైవేద్యం పెట్టినంత భక్తిగా డబ్బాకు ఆనించి, నా ఎదుట కూర్చుంది.

"కొడుకా, నా చెలక గురించి అర్జీ కొట్టియ్యాలె. ఇయ్యాల అయిదు లోపల ఆఫీసుల ఇయ్యకుంటే, నాది కాదని ఫారెస్టోళ్లు మొక్కలు నాటుతరంట. రెండెకరాలు. గదొక్కటే ఉన్నది నాకు."

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. గదినిండా జనం. "ఎన్నేళ్లసంది దున్నుతున్నవ్ అవ్వా?"

"నా పెద్దోడు పొట్టల ఉన్నప్పటిసంది. వాడికిప్పుడు నలభై ఏండ్లు."

ఫ్యాను రయ్యిమంది. దీపం ఎర్రబడింది.

ఈసారి నా మోకాలు నా దగ్గరే ఉంది. నల్లజుట్టు తాత వెనక నుంచి ముందుకొచ్చాడు. "అవ్వా, జర సరిగ్గ లెక్కపెట్టు. నన్ను గూడ గిట్లనే పట్టింది."

అవ్వ కోపం చేసుకోలేదు. ఎర్రటి వెలుగు ముఖాన పడుతుంటే వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది. చివరికి మెల్లగా అంది: "నేనే మరిచిన్నేమో కొడుకా. సదువుకున్న మిషను తప్పెందుకు చెప్తది? అబద్ధపు అర్జీ నాకొద్దు. పోనీయ్."

అప్పుడు నేను లేచాను. గుండె మీద చెయ్యి పెట్టుకుని, సినిమాలో కోర్టు సీనులా అరిచాను: "అవ్వ నిజమే చెప్పింది! ఇది అబద్ధాలు పట్టే మిషను కానే కాదు. నేనే మోకాలు అడ్డం పెట్టి మిమ్మల్నందర్నీ ఆడించాను!"

నల్లజుట్టు తాత పకపకా నవ్వాడు. "సూడుండ్రి, సూడుండ్రి! సారు అవ్వ మీద జాలితోని ఎంత చక్కగ బొంకుతున్నడో! దీపం ఇంకా ఎర్రగనే ఉన్నది!"

అవ్వ ఇవేమీ పట్టించుకోలేదు. లేవడానికి మోకాళ్లు సహకరించక డబ్బా మీద చెయ్యి ఆనించింది. ఆనించిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. అరచెయ్యి తీసి చేతి వెనక భాగం పెట్టింది, పసిపిల్ల నుదురు చూసినట్టు.

"ఓయమ్మ! ఉడికిపోతున్నది. దీనికి జ్వరమొచ్చింది కొడుకా!"

చెయ్యిని అలాగే పక్కకు జరుపుతూ గాలి జల్లెడ దాకా వచ్చింది. అక్కడ తన మూట. మూటను ఇవతలికి లాగింది. లోపలి వేడిగాలి భగ్గున బయటికొచ్చి గదంతా ఇప్పపువ్వు వాసన నిండింది. "నా మూటే దీని ముక్కు మూసింది" అని, కొంగు తీసుకుని విసరడం మొదలుపెట్టింది. దీపం పసుపైంది. ఆమె విసురుతూనే ఉంది. నీలమైంది.

అవ్వ అందరివైపూ తిరిగి, పెద్ద రహస్యమేమీ కానట్టు అంది: "దీనికి అబద్ధం తెల్వదు, నిజం తెల్వదు. ఉడుకొక్కటే తెలుసు."

చిన్నాయన వారం కూర్చుని చేసిన దాన్ని, నేను నెలరోజులు దేవుణ్ణి చేసి ఊరేగించిన దాన్ని, బడి ముఖం చూడని మనిషి ఒక్క చేత్తో తాకి చెప్పేసింది. మొదటిరోజు నీలి వెలుగు ముందు నోరు తెరిచి నిలబడ్డానని చెప్పానే, ఇప్పుడు ఆమె ముందు అలాగే నిలబడ్డాను.

"మరి నా యాభై ఒకటి?" అన్నాడు నల్లజుట్టు తాత, మోసపోయిన గొంతుతో.

"నీ నెత్తి సూస్తే తెలుస్తలేదా, దానికి దీపమెందుకురా?" అంది అవ్వ.

అర్జీ టైపు చేశాను. ప్రింటు బయటికొచ్చేదాకా ఆమె డబ్బాకు కొంగుతో విసురుతూనే ఉంది. వేలిముద్ర వేయించి, మామ తన బండి మీద ఎక్కించుకుపోయి అయిదుకు పది నిమిషాలుందనగా ఆఫీసులో ఇప్పించాడు. ఆ చెలకలో మొక్కలు నాటలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ దారిన బస్సులో పోతూ అక్కడ జొన్న చేను చూసుకునేవాణ్ణి.

ఇక ఒట్టు సంగతి. మోకాలు నిజం, డబ్బా నిజం, అవ్వా ఆమె మాటా నూటికి నూరుపాళ్లు నిజం. కోడిపుంజు కూడా నిజమే. నేను లేచి గుండె మీద చెయ్యి పెట్టుకున్నానే, అదొక్కటే కల్పన. (కాబట్టి తాత పకపకలు కూడా నావే. పాపం, ఆయన ఆరోజు సరిగ్గ లెక్కపెట్టమన్న ఆ ఒక్క మాటా అని, అవ్వ కోసం బాధపడుతూ నిలబడ్డాడు.) నేను లేవలేదు. మూట ఎక్కడుందో నాకు కనబడుతూనే ఉంది. చెయ్యి చాపితే అందేంత దూరం. కానీ మూట తీస్తే నా మహిమ పోతుంది. అవ్వ "పోనీయ్" అన్నప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట, "సరే అవ్వా, తర్వాతోళ్లను రానియ్యి" అని. ఆమె మోకాళ్లు నొప్పి పెట్టకపోయి ఉంటే, డబ్బా మీద ఆనుకోకపోయి ఉంటే, ఆ రెండెకరాలు ఏమయ్యేవో నేను ఇప్పటికీ పూర్తిగా ఆలోచించను. ఎన్ని చోట్ల ఈ కథ చెప్పానో! చెప్పిన ప్రతిసారీ ఆ కుర్రాణ్ణి లేపి నిలబెడుతూనే ఉన్నాను. ఒక్కసారైనా వాడు తనంతట తాను లేవలేదు.

ఈ ముక్క రాస్తుంటే ఒళ్లోని ల్యాప్‌టాప్ ఫ్యాను రయ్యిమంది. బయట మంచు, చలికాలం. ఉలిక్కిపడి కింద చెయ్యి పెట్టి చూశాను. కాలిపోతోంది. గాలి పోయే దారికి నా దుప్పటి అడ్డుపడి ఉంది, దాని కింద నా కుడి మోకాలు.

రెండూ తీశాను.