పూత వారంలో జ్వరం

బాపట్లలో వరి మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మూడేళ్ల పాపను రేపల్లెలో మా అమ్మ దగ్గర ఉంచాను. ఈమధ్య పైరు పూతకొచ్చిన వారంలోనే పాపకు జ్వరం వచ్చింది. వరి పూలు పొద్దున కాసేపే విచ్చుకుంటాయి. కొత్త వంగడం కోసం ఆ కాస్తలోనే ఒక రకం పుప్పొడిని ఇంకో రకం కంకి మీద దులపాలి. పూత దాటిపోతే ఆ పంటకాలం పోయినట్టే. అందుకే జ్వరం సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మా గైడ్ సార్ పిల్లతల్లికి పరిశోధనలెందుకు అంటారని భయం.

గట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే, పక్క మడిలో పనిచేసుకుంటున్న సీనియర్ అక్క చూసింది.

"ఏంటమ్మాయ్, పుప్పొడి కంట్లో పడిందా?"

చెప్పేశాను.

"నీ కంకులు నేను చూసుకుంటాలే. ముందు రైలెక్కు."

"సార్ ఏమంటారో అక్కా."

"సార్‌తో నేను మాట్లాడతా. ఇట్టా ఏడుస్తా చేస్తే దేని మీద ఏది దులిపావో నీకే తెలీదు."

తెనాలిలో రైలు మారుతుంటే అమ్మ ఫోన్ చేసింది. జ్వరం తగ్గిందట, పాప ఇడ్లీ తిన్నదట. వినగానే నా మనసు పాప దగ్గరికి కాదు, మడి దగ్గరికి పోయింది. అక్కకు ఫోన్ చేశాను.

"వెనక్కి వచ్చేయనా అక్కా?"

"వస్తే మడిలో అడుగు పెట్టనివ్వను. పోయి పిల్ల పక్కన పడుకో."

రేపల్లె రైలెక్కాను. ఇంటికెళ్లి పాప పక్కన ఒరగగానే నిద్రపట్టేసింది. సాయంత్రం పాపే తట్టి లేపింది. పిల్లను చూసుకోవడానికి వెళ్లి, అక్క నా మడి పని కూడా మీదేసుకుని ఉంటే, నేను కంటినిండా నిద్రపోయాను. ఆ బాధ ఇంకా పోలేదు. అయినా మళ్లీ అలాంటి రోజొస్తే, ఏడుపుదాకా ఆగకుండా అక్కకు ముందే చెప్తాను.