గనియా తాగిన పాలు

గనియా కుమ్మా టోపీలు కుడుతుంది. తెల్లగుడ్డ మీద సన్నటి రంధ్రాలు పొడిచి, ఒక్కోదాని అంచునూ దారంతో బిగించాలి. ఒక్క టోపీకే నెలలు పడుతుంది. మా ఇజ్కీ వైపు పెళ్ళికొడుకుల తలల మీది టోపీలు సగం ఆమె చేతి మీదుగా వెళ్ళినవే. అలాంటిది, ముప్పై దాటాక పెద్ద పనులు ఒప్పుకోవడం మానేసింది. మధ్యాహ్నాలు తలుపు వేసుకుని, కళ్ళు మూసుకుని సూదిలోకి దారం ఎక్కించడం నేర్చుకునేది. గోడ పట్టుకోకుండా వంటింటిదాకా నడిచి చూసుకునేది.

కారణం అందరికీ తెలుసు. ఆమె అన్నలిద్దరికీ ముందు రేచీకటి వచ్చింది. ఆ తర్వాత పక్కల నుంచి చూపు మూసుకుంటూ వచ్చి, నలభై నిండకుండానే పూర్తిగా పోయింది. "నా వంతూ వస్తుందిలే" అనేది నాతో, వాన గురించి చెప్పినట్టు.

ఆ ఏడు మస్కట్ నుంచి జన్యువుల పటం గీసేవాళ్ళు వచ్చారు. ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరికి చూపు పోయిందో అడిగి వంశవృక్షం గీసుకున్నారు, రక్తం తీసుకున్నారు. "మీ ముగ్గురూ ఒకమ్మ బిడ్డలేనా?" అని అడిగితే, "అవును, షంసా బిడ్డలం" అంది గనియా. అది అబద్ధం కాదు. కన్నతల్లి పురిట్లోనే పోతే, పక్కింటి షంసా ఆమెను ఒళ్ళోకి తీసుకుని, తన చిన్నకొడుకు హిలాల్‌తో పాటు పాలిచ్చి పెంచింది. మాలో పాలిచ్చినావిడ తల్లే. ఆ పాలు తాగినవాళ్ళు తోబుట్టువులే, వాళ్ళ మధ్య పెళ్ళి కూడా కుదరదు. ఎముకా కండా ఆ పాలతోనే పెరుగుతాయంటారు. మరి రోగం మాత్రం రాకుండా ఎలా ఉంటుందని గనియా అనుకుంది. మేమూ అలాగే అనుకున్నాం.

చలికాలంలో వాళ్ళలో ఒకరైన డాక్టర్ రాయా ఒక్కతే మళ్ళీ వచ్చింది. ఆమె నేస్తాన్ని కదా, నేను అక్కడే ఉన్నాను. గనియా మూడోసారి కాఫీ పోసినా, చాలని మా పద్ధతిలో కప్పు ఊపడం రాయా మరిచిపోయింది.

"మీతో విడిగా మాట్లాడాలమ్మా."

"ఈవిడ దగ్గర దాచేదేముంది? చెప్పు తల్లీ."

"మీకు తెలుసుకోవాలని ఉంటేనే చెప్తాను. వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను. అది మీ ఇష్టం."

గనియా కాఫీకూజా కింద పెట్టింది. "చెప్పు. ఎన్నాళ్ళుంటుంది నా చూపు?"

"చూపు గురించి కాదు." రాయా గొంతు తగ్గించింది. "మీ రక్తం హిలాల్ రక్తంతో కలవలేదు. మీ ఇద్దరికీ తల్లి ఒకరు కాదేమో. ఈ మాటతో ఇంట్లో ఏం గొడవవుతుందోనని నాకు నిద్ర పట్టడం లేదు."

గనియా పకపకా నవ్వింది. "ఓసి పిచ్చితల్లీ, ఆ సంగతి మా మేకలకు కూడా తెలుసు. నేను పాలబిడ్డను."

రాయా తల పట్టుకుంది. "నేనూ ఈ దేశం పిల్లనే. అడగాలని తట్టనేలేదు చూడండి." తర్వాత ఆమె మొహం విచ్చుకుంది. "అయితే ఆ జబ్బు మీకెలా వస్తుందమ్మా? అది పుట్టుకతో వచ్చేది, పాలతో రాదు. మీ అన్నల చూపు తీసిన జన్యువు తేడా మీలో ఉందేమోనని వెతికాం. లేదు."

గనియా నవ్వు ఆగిపోయింది. "మళ్ళీ చెప్పు" అంది.

ఆ మాట హిలాల్‌కు చెప్పడానికి మాత్రం ఆమెకు నోరు రాలేదు. అన్నలను చీకట్లో వదిలేసి తానొక్కతే తప్పించుకున్నట్టు అనిపించింది. చివరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. అతను వాకిట్లో కూర్చుని, ఖర్జూరాలను వేళ్ళతో తడిమి ఏరుతున్నాడు.

"అన్నా, ఆ జబ్బు నాకు రాదట. పాలతో రాదట అది."

అతని వేళ్ళు ఆగాయి. "నిజంగానా?"

"డాక్టరమ్మే చెప్పింది."

"దొంగమొహమా, అమ్మ పాలన్నీ తాగేసి చీకటి మాత్రం మాకొదిలావా?" అని, చేతి అంచుతో మొహం తుడుచుకున్నాడు. "మనం ఒకరినొకరు పట్టుకుని పోయి కాలవలో పడతామని ఇన్నాళ్ళూ భయపడి చచ్చానే."

"మన రక్తం కలవలేదట అన్నా."

"ఎవరడిగారు దాన్ని? రేపు సంతకు నన్ను నువ్వే తీసుకెళ్ళాలి."

గనియా చప్పుడు రాకుండా ఏడుస్తోంది. అయినా అతనికి తెలిసిపోయింది.

"ఆపవే. బాగున్న కళ్ళను పాడుచేసుకోకు" అంటూ ఖర్జూరాల పళ్ళెం ఆమె వైపు జరిపాడు.